నలభై కడవల దొరువు

“నీ ఫోను బతికుంటే ఒక్క మాట చెప్పుండేదానివి గదా అవ్వా! రెండు నెలలుగా మొత్తుకుంటుండా, రీచార్జి చేయిస్తా, చేయిస్తా అని.”

“నా ఫోను సంగతి తర్వాత. నీ మోటారుకి ఆగాలనే బుద్ధి యాడికి పోయింది?”

“మోటారుకి బుద్ధెందుకుంటాది? నేను చెప్తే తిరగతాది, నేను చెప్తే ఆగతాది. రోజూ ఆపతా ఉండ్లా? ఈ ఒక్క రోజే గదా!”

“ఆ ఒక్క రోజే చాలు. చూడు లోపలికి. రేప్పొద్దున ఊరేది ఏ నీళ్ళో చెప్పు. చదువుకున్నావు గదా, చెప్పు.”

“నాకేం తెలుసు? తాళంచెవి ఇస్తానంటే, నీ పెట్టె జోలికి నేను రానంటివి. అంటివా లేదా? అమ్మా, నువ్వు చెప్పు. అవ్వ అనిందా లేదా?”

“మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగబాకండి,” అంది మా కోడలు. పెళ్ళి నుంచి వచ్చి ఇంకా కాళ్ళ పసుపు కూడా కడుక్కోలేదు. కడుక్కుందామంటే తొట్టిలో నీళ్ళు ముంచడానికి భయపడినట్టు నిలబడి ఉంది.

“అంటిని. అంటే ఏమైంది?” అన్నాను నేను. “పెట్టెలు, తాళాలు, ఫోన్లు. కడవకి తాళం ఉండిందా? కడవ ఎప్పుడన్నా నేను లేకుండా నీళ్ళు ముంచిందా?”

“కడవ పట్టుకునే గదా పోయిన వానల్లో జారి పడింది! నెల్రోజులు చెయ్యి మెడకి కట్టుకుని కూర్చుంటివి. నీకు అన్నం కలిపి పెట్టింది ఎవురు? నా మోటారు కాలిపోయినా నిన్ను ఒక్క మాట అన్నానా?”

“ఇప్పుడు అంటుండావు గదే!”

మా మనవరాలూ నేనూ ఇట్లా దొరువు గట్టు మీద నిలబడి పోట్లాడుకున్నది పొద్దు వాలే వేళ. అది నాయుడుపేటలో కంపెనీ పని ముగించుకుని, బస్సు దిగి, భుజాన సంచి కూడా దించకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది. కొడుకూ కోడలూ కొడవలూరు పెళ్ళి నుంచి అప్పుడే ఇల్లు చేరారు. నలుగురం చూస్తున్నది ఖాళీ గుంటని. పొద్దున అందులో నడుము లోతు నీళ్ళున్నాయి. ఇప్పుడు అడుగున కాస్త కలక నీళ్ళు, చుట్టూ తడి ఇసుకలో నా కాళ్ళ గుర్తులు.

దొరువంటే బావి కాదు. సముద్రానికి ఇంత దగ్గర్లో బావి తవ్వితే ఉప్పునీళ్ళే పడతాయి. ఇసుక దిబ్బ పక్క పల్లంలో, మనిషి ఎత్తుకు మించకుండా, గంగాళం లాగా ఏటవాలుగా తవ్వుకునే గుంటని మా వైపు దొరువంటారు. వానలకు దిబ్బలో ఇంకిన నీళ్ళు అందులోకి ఊరతాయి. అవి తియ్యగా ఉంటాయి. కానీ వాటి కిందనే ఉప్పునీళ్ళుంటాయి. మంచినీళ్ళు తేలిక, పైన తేలుతుంటాయి. ఉప్పునీళ్ళు బరువు, కింద పడుకుని ఉంటాయి. పైనున్న వాటిని మెల్లగా ముంచుకున్నంత కాలం కిందవి కదలవు. ఆశపడి ఒక్కసారిగా తోడితే పైకి లేస్తాయి. లేచినవాటిని మళ్ళీ పడుకోబెట్టడం మనుషుల చేతిలో లేదు.

అందుకే మా అత్త లెక్క రోజుకు నలభై కడవలు. ఇంటికి పది, మొక్కలకు ముప్పై. పొద్దున సగం, సాయంత్రం సగం. మధ్యలో దొరువును పలకరించకూడదు, అది ఊరుతుంటుంది అనేది. గట్టు మీద ఒక పగిలిన మూకుడులో నలభై గవ్వలుండేవి. ఒక కడవ ముంచితే ఒక గవ్వ మూకుడులోంచి బయటికి. సాయంత్రానికి మూకుడు ఖాళీ అయితే ఆ రోజుకు ఇంక కడవ తాకడానికి లేదు, ఇంటికి ఎవరొచ్చినా సరే. దొరువు నడిమధ్యన ఒక తాటి గుంజ పాతి, దానికి కత్తితో ఒక గాటు పెట్టింది. నీళ్ళు ఆ గాటు దిగాయంటే ఎండాకాలం లెక్క మొదలు. కడవ ముంచడం మాని, చెంబుతో పైపైన తీసుకుని కడవలో పోసుకోవాలి.

నేను మూడో తరగతితో బడి మానేశాను. ఎక్కాలు పూర్తిగా రావు. కానీ నలభై వరకు లెక్క నాకు ఎవరూ తప్పు పట్టలేరు, నిద్రలో అడిగినా సరే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మర్నాడే మా అత్త నన్ను తాటి మొద్దు మెట్ల మీదుగా కిందికి దింపి, పుడిసెడు నీళ్ళు నా చేత తాగించింది. “ఈ రుచి గుర్తు పెట్టుకో. రోజూ పొద్దున్నే ముందు ఇదే పని. తేడా వస్తే నాకు చెప్పు, నీ మొగుడికి కాదు,” అంది. అట్లా రోజుకు ఒక పుడిసెడు తాగడం నాకు పళ్ళు తోముకోవడం కంటే ముందు చేసే పని అయింది. తర్వాత ఈ వయసొచ్చేదాకా మానలేదు.

అప్పుడు మా దిబ్బ పొడుగునా ప్రతి ఇంటికీ ఒక దొరువు. మొగలి పొదల మధ్య నుంచి ఆడవాళ్ళ మాటలు ఒక గుంట నుంచి ఇంకో గుంటకి వినిపించేవి. ఎవరి కోడలు ఏం వండింది, ఎవరి మొగుడు వేటకి పోయి రాలేదు, అన్నీ అక్కడే. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచిన రోజు ఆ ఉరుముకు దొరువులో నీళ్ళు పైపైన సన్నగా వణికేవి. మగవాళ్ళు దిబ్బెక్కి ఆకాశం చూసేవాళ్ళు. మా అత్త తల కూడా ఎత్తేది కాదు. “పైకి పొయ్యేది పోనీ, కిందది లేవకుండా ఉంటే చాలు,” అనేది.

కిందది లేవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ సంగతి ఈ ఇంట్లో ఇప్పుడు బతికున్నవాళ్ళలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఎండాకాలం. మా పుట్టింటి వాళ్ళు నన్ను చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. మూకుడులో గవ్వలు అప్పటికి ఇరవైకి తగ్గించేసి ఉంది మా అత్త. మా వాళ్ళ ముందు చెంబు చెంబుకు లెక్క పెట్టడం నాకు తలవంపుగా తోచింది. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పార తీసుకుని దొరువులోకి దిగాను. ఏటా పూడిక తీసేటప్పుడు జానెడు మించి తవ్వకూడదని ఆమె చెప్పింది. నేను మూరెడు తవ్వాను. నీళ్ళు బుడబుడమని పైకొచ్చాయి. ఎంత సంబరపడ్డానో! మా అమ్మ, మా అన్న వచ్చి కడుపునిండా తాగి, చల్లగా స్నానాలు చేసి పోయారు. మూడోరోజు పొద్దున పుడిసెడు నోట్లో పోసుకుంటే నాలుక చివర చురుక్కుమంది.

మా అత్తకు చెప్పక తప్పింది కాదు. ఆమె దిగి, తాగి, పార గుర్తులు చూసింది. కొట్టలేదు. తిట్టలేదు. “ఆశపడినావు. ఇంక మొయ్యి,” అంది. అంతే. మా మొక్కలన్నీ మాడిపోయాయి. రెండు వానాకాలాలు నేను దిబ్బ దాటి, వేరే వాళ్ళ దొరువు నుంచి, వాళ్ళు ముంచుకోగా మిగిలింది అడుక్కుని మోసుకొచ్చాను. ఒక పిల్లవాణ్ణి కడుపుతో మోస్తూ కూడా మోశాను. రెండో వానలు వెళ్ళాక ఒక పొద్దున ఆమె దిగి, పుడిసెడు తాగి, కాసేపు కళ్ళు మూసుకుని, “వచ్చిందమ్మే,” అంది. ఆ ఒక్కసారే ఆమె నన్ను ‘అమ్మే’ అని పిలిచింది.

అప్పుడు వచ్చింది. చుట్టూ ఇసుక దిబ్బలుండేవి కాబట్టి, కురిసిన వాన ఎటూ పోకుండా మా కిందికే దిగేది కాబట్టి వచ్చింది. ఇప్పుడు పడమటి పక్క తప్ప మూడు వైపులా రొయ్యల గుంటలు. ఏడాది పొడుగునా వాటి నిండా ఉప్పునీళ్ళు. రొయ్యలకు గాలి అందడానికి పెట్టిన చక్రాలు రాత్రీ పగలూ నీళ్ళను తెల్లగా చిమ్ముతుంటాయి. దిబ్బ ఇసుక ట్రాక్టర్లకెక్కి ఆ గుంటల గట్లకు పోయింది. ఒక్కో ఇంటి దొరువు ఒక్కో ఏడు ఉప్పు తేలి, చెత్త పోసి పూడ్చుకున్నారు. వీధిలోకి నీళ్ళ క్యాన్ల ఆటో రావడం మొదలైంది. మాది పల్లం కాస్త ఎత్తున ఉండి, నా గవ్వల లెక్క తప్పక, మిగిలింది. మొన్నమొన్నటి దాకా వీధిలో నలుగురైదుగురు చిన్న బిందె తెచ్చుకుని, “అవ్వా, పప్పుకి ఒక చెంబెడు,” అని అడిగి పోయేవాళ్ళు. క్యాను నీళ్ళు కొనేది తాగడానికే, వంటకి వీధి బోరే. బోరు నీళ్ళకి కందిపప్పు ఉడకదు. ఎంతసేపు కాచినా గింజ గింజగానే ఉంటుంది. దొరువు నీళ్ళు పోస్తే వెన్నలాగా అణిగిపోతుంది.

నేను ఇచ్చేదాన్ని, గొణుక్కుంటూనే. ఎవరికి ఎన్ని చెంబులిచ్చానో ఆ మేరకు మా మొక్కలకు తగ్గించుకునేదాన్ని.

మా మనవరాలు పాలిటెక్నిక్‌లో కరెంటు చదువు చదివింది. కంపెనీలో చేరి, కూడబెట్టుకున్నదాంతో తెచ్చింది ఈ మోటారు. నేను పడి చెయ్యి బెణికించుకున్న తర్వాత తెచ్చింది, అది నిజం. దాని బుద్ధి మంచిదే. నేను వద్దన్నాను. నెల్రోజులు వద్దన్నాను.

“మోటారు లాగతాది పాపా, మనిషి ముంచతాడు. రెండూ ఒకటి కాదు.”

“ఎట్టా కాదు? నీ నలభై కడవలు ఎన్ని లీటర్లో కొలిచినా. చిన్న మోటారు తెచ్చినా. పది నిమిషాలకి నలభై కడవలు, బొట్టు ఎక్కువ రాదు. చూడు, పైపు మూతికి ఖాళీ నూనె క్యాను కట్టినా. నీళ్ళ మీద తేలతా పైపైనే తాగతాది. మీ అత్త చెంబు మాదిరే.”

రెండు పూటలది ఒక్క పూటకి మార్చడం తప్ప వేరే తేడా లేదు. అది మా అత్త లెక్కనే తన లెక్కలోకి మార్చుకుని నా ముందర పెట్టింది. నన్ను గెలవడానికి చదివిన చదువు కాదది, నాకోసం చదివిందే అనిపించి ఇంక వద్దనలేదు.

ఒక ఇనప పెట్టె గోడకి బిగించింది. అందులో ఒక సిమ్ కార్డు. కంపెనీ బస్సులో కూర్చుని ఏడింటికి ఫోను చేస్తే ఇక్కడ మోటారు తిరుగుతుంది. పది నిమిషాలకు మళ్ళీ చేస్తే ఆగుతుంది. తిరగ్గానే దాని ఫోనులో ఎవరో ఆడమనిషి, మోటారు ప్రారంభమైంది అని చెబుతుంది. మొదటిరోజు బస్సెక్కకముందే ఫోను చేసి నాకు వినిపించింది.

“ఎవరే ఈమె?”

“ఎవురూ కాదవ్వా, మిషను.”

“జీతం లేకుండా ఎందుకు చెప్తుంది?”

అది బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా ఆ మాట తల్చుకుని నవ్వానని చెప్పింది. నా నంబరు కూడా పెట్టెలో ఎక్కిస్తానంది. ఏ అంకె నొక్కితే ఆగుతుందో నేర్పిస్తానంది. నేను నేర్చుకోలేదు. నాకు ఫోన్లు చేసేవాళ్ళు ఎవరున్నారని రీచార్జి వద్దన్నాను. దండగ ఖర్చు నా ఒంటికి పడదు. పెట్టె తాళంచెవి ఇస్తే, “నీ సంసారం నువ్వే చూసుకో,” అని దాని చేతిలోనే పెట్టేశాను. మాట నెగ్గలేదని ఉక్రోషం కొంత ఉండింది. ఇప్పుడు చెప్పుకుంటున్నాను కాబట్టి దాచను. ఇంకో సంగతి కూడా దాచను. కడవ మొయ్యడం లేక నా భుజాలకు సుఖంగానే ఉండింది. పొద్దున్నే మెట్లు దిగి పుడిసెడు తాగి చూసేదాన్ని. తేడా లేదు. రెండు నెలలు తేడా లేదు. అలవాటు కొద్దీ మోటారు తిరుగుతున్నంతసేపూ గట్టు మీద కూర్చుని గవ్వలు తీసేదాన్ని, నిమిషానికి నాలుగు. మూకుడు ఖాళీ అయ్యేసరికి సరిగ్గా మోటారు ఆగేది. మా అత్త చూసి ఉంటే ఏమనేదో అనుకునేదాన్ని.

ఆ రోజు పొద్దున కరెంటు లేదు. లైను పని ఏదో జరుగుతోంది. కొడుకూ కోడలూ తెల్లారే పెళ్ళికి బయల్దేరారు. మనవరాలు బస్సులోంచి ఎప్పటిలాగే ఫోను చేస్తే మోటారు తిరగలేదు. అప్పుడది ఒక పని చేసింది. కరెంటు రాగానే దానంతటదే తిరిగేటట్టు పెట్టింది. కంపెనీ చేరేలోగా కరెంటు వస్తుంది, పది నిమిషాలకి ఆపేస్తాననుకుంది. కంపెనీ గేటు దగ్గర ఫోన్లు తీసి బీరువాలో పెట్టించుకుంటారు, మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే ఇస్తారు. గేటు వచ్చింది. ఫోను బీరువాలోకి పోయింది. పెట్టినదాన్ని తీసెయ్యడం మర్చిపోయింది.

పదకొండింటికి నేను వసారాలో కందిపప్పు చెరుగుతున్నాను. ఫ్యాను తిరిగింది. వెంటనే దొరువు దగ్గర మోటారు చప్పుడు. ఎక్కడున్నా మర్చిపోదు నా తల్లి, అనుకుని చేట పక్కన పెట్టి గట్టు మీదికి పోయి కూర్చున్నాను. గవ్వలు తీశాను. మూకుడు ఖాళీ అయింది. మోటారు ఆగలేదు.

ఒక నిమిషం ఇటూ అటూ అవుతుందిలే అనుకున్నాను. గవ్వలన్నీ మూకుడులో పోసి మళ్ళీ తీయడం మొదలుపెట్టాను. అట్లా ఎనభై కూడా అయిపోయాయి. సిమెంటు తొట్టి నిండి, వంగ మొక్కల మీదుగా, కనకాంబరాల మీదుగా నీళ్ళు దారి వెంట పారి ఇసుకలో ఇంకిపోతున్నాయి. తాటి గుంజ మీద గాటు బయటపడింది. వానలు వెళ్ళి ఎన్నాళ్ళు కాలేదు, గాటు కనిపించాల్సిన రోజులు కావు.

పెట్టె దగ్గరికి పరిగెత్తాను. తాళం. రాయి తీసుకున్నాను పగలగొడదామని. చేతులు తడి, చీర తడి, కాళ్ళ కింద నీళ్ళు. మా వీధిలో ఒకతను తడి చేత్తో మోటారు ముట్టుకుని ఎట్లా పోయాడో నా కళ్ళతో చూశాను. రాయెత్తిన చెయ్యి దిగలేదు. రాయి పారేశాను.

ఇంట్లోకి పోయి ఫోను తీశాను. మనవరాలి బొమ్మ ఉన్న చోట నొక్కాను. మీ ప్లాను గడువు ముగిసింది అని ఒక ఆడమనిషి చెప్పింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే చెప్పింది. అది మిషనని నాకు తెలుసు. తెలిసి కూడా, “అమ్మా, నీళ్ళు పోతుండాయి తల్లీ, ఒక్కసారి కలుపు, రేపే కట్టేస్తా,” అన్నాను. ఆమె చెప్పిందే చెప్పి పెట్టేసింది.

పక్కింటికి తాళం వేసి ఉంది. ఆ పక్కింట్లో కొత్త కోడలుంది. ఆ పిల్ల గబగబా తన ఫోను తెచ్చి, నా దాంట్లో నంబరు చూసి చేసింది. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బీరువాలో మోగితే ఎవరెత్తుతారు?

“మోటారు నంబరు తెలుసా అవ్వా?”

“మోటారుకి కూడా నంబరుంటాదని నాకేం తెలుసమ్మా!”

“మెయిను యాడుండాది?”

“ఆ పెట్టెలోనే.”

“ఆగవ్వా, మా ఆయనకి వీడియో తీసి పంపతా. ఏం చెయ్యాల్నో చెప్తాడు.” ఆ పిల్ల నా వెంట వచ్చి, గట్టు మీద నిలబడి, పారే నీళ్ళనీ మోటారునీ నన్నూ వీడియో తీసింది. ఆమె భర్త రొయ్యల గుంటల కాడ పనిలో ఉన్నాడు. ఆ వీడియో అతను సాయంత్రం చూశాడట.

పైపు నీళ్ళలోంచి బయటికి తీస్తే చాలు కదా అన్నది నాకు అప్పుడు తట్టింది. మొదటే తట్టి ఉంటే! తాటి మొద్దు పట్టుకుని కిందికి దిగాను. నూనె క్యాను నీళ్ళతోపాటు దిగిపోయి, అప్పటికే నా చీలమండ లోతులో ఒరిగి ఉంది. పైపు ఇసుకా నీళ్ళూ కలిపి గొంతులో ఏదో అడ్డం పడిన మనిషిలాగా లాగుతోంది. క్యానుతో సహా ఎత్తి గుండెలకి హత్తుకున్నాను. బరువు. అయినా వదల్లేదు. మోటారు గొంతు మారి కీచుమని అరవడం మొదలుపెట్టింది. గాలికి తిరిగితే పాడవుతుందని నాకు తెలియదు. తెలిసినా వదిలేదాన్ని కాదేమో. పైనుంచి ఆ పిల్ల, “అవ్వా, పొగ! పొగ!” అని అరిచింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. మోటారు ఆగింది.

ఆ నిశ్శబ్దంలో నా కాళ్ళ చుట్టూ ఇసుకలో సన్నగా చప్పుడు వినిపించింది. నీళ్ళు ఊరుతున్న చప్పుడు. నాకు అది బాగా తెలుసు. పార పట్టుకుని నిలబడ్డప్పుడు విన్నదే. పుడిసెడు తీసి నోట్లో పోసుకుందామని వంగాను. అంతా బురద, ఇసుక. రుచి తెలియలేదు. రేపు తేరుకున్నాక చూడాలి, అనుకుని పైకి వచ్చాను.

సాయంత్రం పోట్లాట ఎంతసేపు జరిగిందో తెలియదు. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం, దానివల్లనేమో ఎవరూ తగ్గలేదు. చివరికి మా కొడుకు, “అమ్మా, ఇంక చాల్లే. ఈ రోజుల్లో దొరువు యాడుందమ్మా, మనది ఉన్నన్నాళ్ళు ఉండింది. రేపట్నుంచి క్యాను పెట్టిద్దాం,” అన్నాడు. వాడు నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఆ మాటకి మనవరాలు ఏడ్చింది. నేను తిట్టినప్పుడు ఏడవలేదు, వాళ్ళ నాన్న ఆ మాట అంటే ఏడ్చింది.

“ఊరతాయి నాన్నా. మంచివే ఊరతాయి. రేపు చూడు,” అంది.

అప్పుడు చెప్పాలనుకున్నాను. నేనూ ఇదే చేశానే, పారతో చేశాను, రెండేళ్ళు మోశాను, మళ్ళీ వచ్చింది, అని. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ చెబితే అది అడుగుతుంది, ‘అయితే ఇప్పుడు కూడా వస్తాయా అవ్వా?’ అని. మూడు పక్కలా ఆ గుంటలు చూస్తూ దానికి ఏమని చెప్పను? ఇంకోటి కూడా ఉంది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తప్పు చెయ్యని మనిషినని నా మాట సాగింది. అది పోగొట్టుకోవడానికి కూడా మనసు రాలేదు. నోరు తెరిచి, “సంచి దించు, కాళ్ళు కడుక్కో,” అన్నాను. అది దేంతో కడుక్కోవాలి అన్నట్టు నా వైపు చూసి లోపలికి పోయింది.

మర్నాడు వెలుగు రాగానే దొరువులోకి దిగాను. మోకాటి లోతు ఊరాయి. తేటగా ఉన్నాయి, కింద ఇసుక రేణువులు కనిపిస్తున్నాయి. పుడిసెడు తీసుకుని తాగాను. ఉప్పు.

వెనకాల మెట్ల మీద మనవరాలు దిగి వచ్చింది. కంపెనీ బట్టలు వేసుకుని ఉంది. వంగి, తనూ పుడిసెడు తీసుకుని తాగింది. ఉమ్మెయ్యలేదు, మింగింది. ఇద్దరం పైకి వచ్చాం. అది పెట్టె తాళం తీసి, లోపల మెయిను కిందికి లాగి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఈసారి తీసుకున్నాను.

బస్సు హారన్ వినిపించింది. అది ఎక్కి వెళ్ళింది. కాసేపటికి బొడ్లో ఉన్న నా ఫోను మోగింది. తీసి చూస్తే ఎవరూ కాదు, రీచార్జి అయిందని కబురు.

నీళ్ళ ఆటో వీధిలోకి వచ్చింది. కోడలు ఆపి, నా వైపు ఒకసారి చూసి, రెండు క్యాన్లు దింపించింది. గట్టు మీది గవ్వలు మూకుడులో పోసి, మూకుడు తెచ్చి వసారాలో మూలన పెట్టాను. నిన్న చెరిగిన కందిపప్పు చేటలోనే ఉంది. కడిగి, క్యాను నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను.

పప్పు బాగానే ఉడికింది.